షిప్పింగ్ కార్పొరేషన్ ఓడల వంశవృక్షం: ఏ పేరు ఏ కంపెనీది?

రేవు_రాతలు:

షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. సమాచారానికి కొదవ లేదు గానీ, ఒకదానితో ఒకటి పొసగడం లేదు. కంపెనీ పుట్టింది 1950లో అని ఒకచోట, 1956 అని ఇంకోచోట, 1961 అని మరోచోట ఉంది. మన విశాఖలో కట్టిన "జల ఉష" కార్పొరేషన్ తొలి ఓడ అని చాలామంది రాశారు, కానీ కార్పొరేషన్ ఓడల జాబితాల్లో ఎక్కడా "జల" అన్న పేరే కనబడదు. "స్టేట్ ఆఫ్" ఫలానా, "విశ్వ" ఫలానా, "దేశ్" ఫలానా, "లోక్" ఫలానా అని నాలుగు రకాల పేర్లున్నాయి. వీటికి ఏదైనా లెక్క ఉందా? ఇక టన్నేజీ అంకెలైతే ఒకే ఓడకి మూడు చోట్ల మూడు రకాలు.

తెలిసినవాళ్ళు చెప్పండి. ఒక్కొక్క ఓడని ఖాయంగా గుర్తుపట్టే పద్ధతి ఉంటే అదీ కావాలి.

పాత_లాగ్‌బుక్:

మూడు తేదీలూ నిజమేనండీ. మూడూ వేరువేరు సంగతులకి సంబంధించినవి, అంతే.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన జెండా కింద ఉన్నవి 59 ఓడలు, మొత్తం 1.92 లక్షల గ్రాస్ టన్నులు. సర్ సి.పి. రామస్వామి అయ్యర్ అధ్యక్షతన వేసిన ఉపసంఘం 1947లో ఇచ్చిన నివేదికలో 5 నుంచి 7 ఏళ్ళలో 20 లక్షల టన్నులకి చేరాలంది. తీర వ్యాపారంలో నూటికి నూరు, బర్మా, సిలోను లాంటి పక్క దేశాలతో వ్యాపారంలో 75 శాతం, దూర దేశాలతో 50 శాతం మన ఓడల మీదే సాగాలని వాటాలు కూడా కట్టింది. ప్రైవేటు కంపెనీల దగ్గర అంత పెట్టుబడి లేదు. అందుకని ఒక్కోటి 10 కోట్ల మూలధనంతో మూడు కార్పొరేషన్లు పెట్టాలని ప్రభుత్వం అనుకుంది. చివరికి పుట్టినవి రెండే.

మొదటిది ఈస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్, 1950 మార్చి. ఇందులో 74 శాతం ప్రభుత్వానిది, 26 శాతం సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. మేనేజింగ్ ఏజెంట్లు కూడా సింధియా వాళ్ళే. అంటే డబ్బు ప్రభుత్వానిది, ఓడ నడపడం ప్రైవేటు వాళ్ళది. ఈ ఏర్పాటు 1956 దాకా నడిచింది. ఆ ఏడు ప్రభుత్వం సింధియా వాటా కొనేసి పూర్తి యజమాని అయింది. అదే ఏడాది రెండోదైన వెస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్ కూడా పెట్టింది. 1956 అని రాసినవాళ్ళు ఈ రెండింట్లో ఏదో ఒకటి చూసి రాసి ఉంటారు.

1961 అక్టోబర్ 2న ఈ రెండింటినీ కలిపి షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా చేశారు. మొదలైనప్పుడు చేతిలో ఉన్నవి 19 ఓడలు. వ్యాసంలో స్థాపన తేదీ అన్నచోట ఇదే పెట్టండి, మిగతా రెండూ పూర్వ చరిత్ర కిందికి పోతాయి.

తర్వాత మరో రెండు పాయలు వచ్చి కలిశాయి. 1973లో జయంతి షిప్పింగ్ కంపెనీ, 1986లో మొగల్ లైన్. మొగల్ లైన్ వీటన్నిటికంటే ముసలిది, 1877లో బాంబే అండ్ పర్షియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా మొదలైంది. బొంబాయి నుంచి జెడ్డాకి హజ్ యాత్రికుల్ని తీసుకెళ్ళడం దాని ప్రధాన వ్యాపారం. ఓడలో హజ్‌కి వెళ్ళడం 1995తో ఆగిపోయింది, అప్పటికి ఆ సర్వీసు కార్పొరేషన్ చేతికి వచ్చి తొమ్మిదేళ్ళు.

విశాఖ_డాక్:

జల ఉష గురించి నేను చెబుతాను. ఈ తప్పు ప్రతి ఆగస్టు 15కీ, ప్రతి ఏప్రిల్ 5 నౌకా దినోత్సవానికీ పేపర్లలో మళ్ళీ మొలుస్తూ ఉంటుంది.

"జల" అన్నది సింధియా కంపెనీ ఓడల ఇంటిపేరు. ఆ కంపెనీ నడిపిన వాల్‌చంద్ హీరాచంద్ విశాఖలో పెట్టిన యార్డుకి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక పని ఆగింది. యుద్ధం అయ్యాక మళ్ళీ మొదలెట్టి, 8,000 టన్నుల జల ఉషని 1948 మార్చి 14న నెహ్రూ చేత నీళ్ళలోకి దింపించారు. కట్టిన యార్డు సింధియాది, కట్టించుకున్న కంపెనీ సింధియాది. అప్పటికి ఈస్టర్న్ షిప్పింగ్ కార్పొరేషన్ కూడా పుట్టలేదు, రెండేళ్ళు తక్కువ.

పొరపాటు ఎక్కడొచ్చిందంటే, 1952 జనవరిలో ఆ యార్డులో మూడింట రెండొంతుల వాటా ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ చేసింది. మిగతా వాటా 1961లో కొనేసింది. కార్పొరేషన్ పుట్టిన సంవత్సరమూ అదే. యార్డూ ప్రభుత్వానిదే, ఓడల కంపెనీ కూడా ప్రభుత్వానిదే కదా అని చదివినవాళ్ళు ఓడని కూడా అందులో కలిపేశారు. ఓడ కట్టిన యార్డు వేరు, యజమాని వేరు, నడిపే కంపెనీ వేరు. ఈ మూడింటికీ మూడు గళ్ళు పెట్టుకోకపోతే మీ జాబితా మొత్తం ఇలాగే అవుతుంది.

మూడో గడి దేనికంటే అండమాన్ ఓడలు చూడండి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే ఓడ ఎక్కిన శ్రీకాకుళం వాళ్ళని అడిగితే కార్పొరేషన్ ఓడే అంటారు. టికెట్ మీద ఆ పేరే ఉండేది మరి. కానీ స్వరాజ్ ద్వీప్ లాంటివి అండమాన్ పాలనా యంత్రాంగం ఓడలు. కార్పొరేషన్ వాటికి సిబ్బందిని పెట్టి నడిపే మేనేజరు మాత్రమే. ఆ స్వరాజ్ ద్వీప్ కట్టింది మళ్ళీ మన విశాఖ యార్డే.

ఇంకో చిన్నమాట. కొచ్చిన్ షిప్‌యార్డు నుంచి 1981లో బయటికొచ్చిన మొదటి ఓడ రాణీ పద్మిని మాత్రం అచ్చంగా కార్పొరేషన్‌దే, 75,000 టన్నుల బల్క్ క్యారియర్, అంటే బొగ్గు, ధాన్యం లాంటివి మూట కట్టకుండా గుట్టగా మోసే ఓడ. "ప్రభుత్వ యార్డు తొలి ఓడ, ప్రభుత్వ కంపెనీకి" అన్న వాక్యం రాయాలనుంటే ఆమెకి రాయండి, జల ఉషకి కాదు.

డెడ్‌వెయిట్:

పేర్ల సంగతి. ఇది చట్టం కాదు, అలవాటు. అయినా నూటికి తొంభై సార్లు పనికొస్తుంది.

"స్టేట్ ఆఫ్" అంటే ఈస్టర్న్ నుంచి వచ్చిన వరస, స్టేట్ ఆఫ్ బాంబే, స్టేట్ ఆఫ్ మద్రాస్ లాగా. విలీనం తర్వాత కూడా కొంతకాలం వాడారు కాబట్టి ఈ పేరున్న ప్రతిదీ 1961కి ముందుదే అనుకోకండి. "విశ్వ" అంటే కార్పొరేషన్ సొంతంగా మొదలెట్టిన జనరల్ కార్గో వరస. ఇప్పుడు అదే పేరు బల్క్ క్యారియర్లకి పెడుతున్నారు. "దేశ్" అంటే నూనె ట్యాంకరు, ఇది మాత్రం గట్టి గుర్తు. 2005లో వచ్చిన దేశ్ ఉజాల, దేశ్ వైభవ్ అనే చాలా పెద్ద క్రూడ్ ట్యాంకర్ల దాకా ఈ అలవాటు తప్పలేదు. "లోక్" అంటే మొగల్ లైన్ సరుకు ఓడల వరస. పేరు మొదట కాకుండా చివర "జయంతి" ఉంటే అది జయంతి షిప్పింగ్‌ది. "జల" సింధియా, "జగ్" గ్రేట్ ఈస్టర్న్ అనే ప్రైవేటు కంపెనీ. ఈ రెండూ కార్పొరేషన్‌వి కావు.

వీటికి బయట ఒక అందమైన వరస ఉంది. 1980ల నడుమ వచ్చిన 15 క్రూడ్ ట్యాంకర్లకి పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టారు, మేజర్ సోమనాథ్ శర్మ, లాన్స్ నాయక్ కరమ్ సింగ్, అలా. ఓడ వెనక భాగాన ఆ పేరూ, దాని చివర పీవీసీ అన్న అక్షరాలూ, కింద రిజిస్టరైన రేవు పేరూ. దూరం నుంచి తీసిన ఫోటోలో కూడా ఆ పొడుగు పేరే ఆనవాలు.

ఇప్పుడు గుర్తుపట్టే పద్ధతి. పేరుతో వెతకొద్దు. పేరు మారుతుంది, పాత ఓడ తుక్కుకి పోయాక అదే పేరు కొత్తదానికి వస్తుంది. మద్రాసు, సింగపూరు మధ్య జనాన్ని తిప్పిన చిదంబరం అసలు 1966లో పాశ్చర్ అన్న పేరుతో కట్టిన ఫ్రెంచి ఓడ. అదే దారిలో దశాబ్దాలు తిరిగిన 1926 నాటి రజులా 1973లో కార్పొరేషన్ కొన్నాక రంగత్ అయింది, మరుసటి ఏడే తుక్కుకి పోయింది. జాబితాలో రంగత్ అని ఒక్క ఏడాది కనబడి మాయమైతే కంగారు పడతారు, అందుకే చెప్తున్నా.

ఐ.ఎం.ఓ., అంటే అంతర్జాతీయ నౌకాయాన సంస్థ, పద్ధతిలో ఓడకి ఇచ్చే నంబరు పట్టుకోండి. ఏడు అంకెలు, ఓడ పుట్టినప్పటి నుంచి తుక్కయ్యే దాకా మారదు, యజమాని మారినా జెండా మారినా అదే. నంబరు సరిగ్గా ఎక్కించుకున్నారో లేదో అక్కడికక్కడే చూసుకోవచ్చు. మొదటి ఆరు అంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. వచ్చిన మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే కావాలి. ఉదాహరణకి 9074729 తీసుకుంటే 63, 0, 35, 16, 21, 4. మొత్తం 139. చివర 9, నంబరు చివరా 9, సరిపోయింది. పాత ఫోటోల్లో 3 ని 8 అని చదివేసిన తప్పు మొదటి, మూడో, ఐదో, ఏడో అంకెల్లో ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. రెండో, నాలుగో, ఆరో అంకెలో ఉంటే మాత్రం దొరకదు.

ఈ నంబరు తప్పనిసరి అయింది 1996 జనవరి 1 నుంచి. అంతకుముందు ఓడల వివరాలు నమోదు చేసే లాయిడ్స్ రిజిస్టర్ ఇచ్చిన నంబరే ఈ పని చేసేది, దాన్నే ఐ.ఎం.ఓ. తీసుకుంది. 1950లలో తుక్కయిన ఓడలకి అదీ ఉండదు. వాటికి రిజిస్ట్రీలో ఇచ్చిన అఫీషియల్ నంబరు, కట్టిన యార్డు, యార్డు నంబరు, ఈ మూడూ కలిపి పెట్టుకోండి.

టన్నులు తేడా రావడానికి కారణాలు సాధారణంగా ఇవి. డెడ్‌వెయిట్ అంటే ఓడ మోయగల బరువు, ఇంధనం, మంచినీళ్ళు, సిబ్బంది, సరుకు అన్నీ కలిపి. గ్రాస్ టన్నేజీ బరువు కానే కాదు, ఓడ లోపలి చోటుకి కొలత. దాంట్లో కూడా పాత పద్ధతి, కొత్త పద్ధతి ఉన్నాయి. టన్నేజీ కొలతల మీద 1969 నాటి అంతర్జాతీయ ఒప్పందం 1982 జులై 18న అమల్లోకి వచ్చింది, పాత ఓడలకి 1994 జులై 18 దాకా గడువిచ్చారు. కాబట్టి 1970లలో కట్టిన ఓడకి రెండు గ్రాస్ అంకెలు ఉంటే రెండూ నిజమే కావచ్చు. మూడోది, పాత డెడ్‌వెయిట్ లాంగ్ టన్నుల్లో ఉంటుంది. లాంగ్ టన్ను 1,016 కిలోలు. 8,000 లాంగ్ టన్నులంటే 8,128 మెట్రిక్ టన్నులు. ఆ 128 ఎక్కడిదా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి.

తేదీలకీ అంతే. నీళ్ళలోకి దింపిన తేదీ వేరు, యజమానికి అప్పజెప్పిన తేదీ వేరు. "కట్టిన సంవత్సరం" అంటే అప్పజెప్పిన సంవత్సరం వేయడం ఆనవాయితీ.

రేవు_రాతలు:

అందరికీ చాలా థాంక్స్. నా పట్టికలో మూడు గళ్ళు పెంచేశాను. లాగ్‌బుక్ గారూ, జయంతి షిప్పింగ్ 1973లో కలిసింది అన్నారు, కానీ 1966లోనే ప్రభుత్వం తీసుకుందని చదివాను. ఆ కంపెనీ పెట్టిన ధర్మతేజ మన తెలుగువాడే కదా, ఆ భాగం తప్పులేకుండా రాయాలని ఉంది.

పాత_లాగ్‌బుక్:

యాజమాన్యం ఒకసారి, వాటాలు ఒకసారి, విలీనం ఒకసారి, మూడు మెట్లు.

జయంతి ధర్మతేజ 1961లో కంపెనీ పెట్టాడు. షిప్పింగ్ డెవలప్‌మెంట్ ఫండ్ కమిటీ అని ఓడలు కొనుక్కునేవాళ్ళకి ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పులిచ్చే నిధి ఒకటి ఉండేది. అక్కడి నుంచి 20 కోట్లకు పైగా అప్పు, జపాన్‌లో మిత్సుబిషి యార్డుల్లో ఓడలు. సొంత డబ్బు చాలా తక్కువ, ఓడ కట్టించుకుని దాన్నే తాకట్టు పెట్టి ఇంకో ఓడ. సరుకు రేట్లు బాగున్నంత కాలం ఈ లెక్క నడుస్తుంది. వాయిదాలు ఆగిపోయి, లెక్కల్లో అవకతవకలు బయటపడ్డాక 1966 జూన్‌లో ఆర్డినెన్సుతో నిర్వహణ మాత్రం ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది, నడిపే బాధ్యత షిప్పింగ్ కార్పొరేషన్‌కి ఇచ్చింది. వాటాలు కొనడానికి చట్టం 1971లో, విలీనం 1973లో. తేజ దేశం దాటిపోయి, లండన్‌లో పట్టుబడి, ఇక్కడికి తెచ్చాక 1972లో మూడేళ్ళ శిక్ష పడింది.

ఆ సమయంలో రెండు కంపెనీల పగ్గాలూ పట్టినవాడు చంద్రికా ప్రసాద్ శ్రీవాస్తవ, అంతకుముందు లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర పనిచేసిన అధికారి. 1974 నుంచి 1989 దాకా అంతర్జాతీయ నౌకాయాన సంస్థ సెక్రటరీ జనరల్ ఆయనే. ఇప్పుడు మీరు వాడబోతున్న ఐ.ఎం.ఓ. నంబరు పద్ధతి ఆ సంస్థ 1987లో తెచ్చింది, అంటే ఆయన హయాంలోనే.

తేజ గురించి రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. కుంభకోణం సంగతే రాసి వదిలేయకండి. ఆ ఓడలు మాత్రం నిజంగా ఉన్నాయి, మంచి ఓడలు. కార్పొరేషన్‌కి బల్క్ సరుకులో తొలి బలం చాలావరకు అక్కడి నుంచే వచ్చింది.

చార్టర్‌డెస్క్:

చరిత్ర అంటే కంపెనీల విలీనాలే కాదండీ, సరుకు ఎక్కడి నుంచి వచ్చేదో కూడా రాయండి. ఓడ ఎవరైనా కొంటారు.

ప్రభుత్వ సంస్థలు విదేశాల నుంచి ఎరువులు, గోధుమలు, క్రూడాయిలు కొనేటప్పుడు ఎఫ్.ఓ.బి. పద్ధతిలో కొనాలన్నది పాత విధానం. అంటే అమ్మినవాడి బాధ్యత వాళ్ళ రేవులో ఓడెక్కించడంతో సరి, ఓడ మాట్లాడుకునేది మనం. ఆ మాట్లాడే పని షిప్పింగ్ మంత్రిత్వ శాఖలోని ట్రాన్స్‌చార్ట్ చేసేది. టెండర్లో విదేశీ ఓడ అందరికంటే తక్కువ రేటు వేసినా, ఆ రేటుకే మేం మోస్తాం అని భారతీయ ఓడ ముందుకొస్తే సరుకు దానికి. గమనించండి, ఎక్కువ రేటు ఇవ్వరు, మొదటి అవకాశం మాత్రమే ఇస్తారు. అందువల్ల కార్పొరేషన్‌కి ఓడ ఖాళీగా పడి ఉండే భయం తక్కువ, లాభం పెరిగే దారీ తక్కువ. ప్రభుత్వ సంస్థలు మెల్లగా సి.ఐ.ఎఫ్. కొనుగోళ్ళకి, అంటే అమ్మినవాడే ఓడ తెచ్చుకునే పద్ధతికి, మినహాయింపులు తెచ్చుకున్నకొద్దీ ఈ పునాది కరిగింది. 2021 జులైలో కేబినెట్ ఐదేళ్ళకి 1,624 కోట్ల సబ్సిడీ ప్రకటించింది ఈ గండి పూడ్చడానికే.

రెండో ఆసరా సోవియట్ వ్యాపారం. 1956 నుంచి ఇండో-సోవియట్ ఉమ్మడి సర్వీసు, లెక్కలు రూపాయల్లో. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే కంటైనర్లు మన రేవుల్ని ముంచెత్తాయి, నవాషేవా రేవు తెరిచింది 1989లోనే. డెరిక్కులతో, అంటే ఓడ మీది క్రేన్లతో, మూటలు దించుకునే విశ్వ తరహా ఓడలు రేవులో వారాల తరబడి ఉండేవి, కంటైనర్ ఓడకి ఒకటి రెండు రోజులు చాలు. ఓడ సంపాదించేది నడుస్తున్నప్పుడే, కట్టేసి ఉన్నప్పుడు కాదు.

అసలు రోగం మాత్రం కొనే వేళ. ఓడల ధరలు సరుకు రేట్లతో పాటు పైకీ కిందికీ ఊగుతాయి. రేట్లు పడిపోయినప్పుడు కొనాలి. కానీ ప్రభుత్వ కంపెనీ నష్టాల్లో ఉన్నప్పుడు కొంటానంటే ఫైలు కదలదు. లాభాలొచ్చాక అడిగితే బోర్డు, మంత్రిత్వ శాఖ, పెట్టుబడుల బోర్డు, కేబినెట్ అన్నీ దాటేసరికి ధర నెత్తికెక్కి కూర్చుంటుంది. 2008 ఆగస్టులో నవరత్న హోదా ఇచ్చారు, దాంతో ఒక ప్రాజెక్టుకి 1,000 కోట్ల దాకా సొంతంగా నిర్ణయించుకోవచ్చు. ఆ ముహూర్తం చూడండి. బల్క్ సరుకు మోసే ఓడల రేట్లు చూపే బాల్టిక్ డ్రై సూచీ 2008 మే 20న 11,793. డిసెంబర్ మొదటి వారానికి 663. చేతికి స్వేచ్ఛ వచ్చిన నాలుగు నెలలకే మార్కెట్ చచ్చింది. 2011-12 నుంచి వరసగా మూడేళ్ళు నష్టాలు.

విశాఖ_డాక్:

చార్టర్‌డెస్క్ గారూ, మొత్తం తప్పు ఫైలు మీదకి తోసేయడం నాకు ఒప్పుదల కాదు. పన్ను సంగతి చెప్పలేదు. 2004 దాకా విదేశీ కంపెనీలు టన్నేజీ పన్ను కడుతుంటే మనవాళ్ళు మామూలు కార్పొరేట్ పన్ను కట్టారు. ప్రైవేటు కంపెనీలకి కూడా అదే కష్టం.

చార్టర్‌డెస్క్:

నిజమే, వదిలేశాను. ఆ తేడా ఎంతో ఒక ఓడ మీద చూపిస్తా.

టన్నేజీ పన్నులో అసలు లాభంతో పని లేదు. ఓడ నెట్ టన్నేజీని, అంటే ఓడలో సంపాదనకి పనికొచ్చే చోటు కొలతని, బట్టి రోజుకింత ఆదాయం అని ఊహించి, దాని మీద పన్ను వేస్తారు. 2012లో సవరించిన రేట్ల ప్రకారం మొదటి 1,000 టన్నులకి ప్రతి 100కి 70 రూపాయలు, 10,000 దాకా 53, 25,000 దాకా 42, ఆపైన 29. నెట్ టన్నేజీ 30,000 ఉన్న ఓడ అనుకోండి. 700, 4,770, 6,300, 1,450, కలిపి రోజుకి 13,220. ఏడాదికి 48,25,300. పన్ను 25 శాతం అనుకుంటే 12 లక్షల చిల్లర. ఆ ఓడ ఆ ఏడు 50 కోట్లు సంపాదించినా అంతే, నష్టపోయినా అంతే. ఒక మెలిక ఉంది. ఖాతా పుస్తకాల్లో చూపిన లాభంలో 20 శాతం రిజర్వు ఖాతాలో వేసి, ఎనిమిదేళ్ళలో కొత్త ఓడకి వాడాలి. వాడకపోతే వెసులుబాటు పోతుంది. మళ్ళీ కొనే వేళ దగ్గరికే వచ్చాం చూశారా!

కార్పొరేషన్ ఓడల్లో చట్టం చదివేవాళ్ళందరికీ తెలిసిన పేరు ఒకటుంది, అదీ వ్యాసంలో చేర్చండి. కాంచనజంగ, పెద్ద క్రూడ్ ట్యాంకరు. 1980 నవంబర్‌లో ఇరాన్, ఇరాక్ యుద్ధం మధ్యలో ఖార్గ్ దీవిలో లోడ్ చేయమని, ఓడని అద్దెకి తీసుకున్న చార్టరర్లు చెప్పారు. ఓడ వెళ్ళి, లోడింగ్‌కి సిద్ధం అని నోటీసు ఇచ్చింది. వైమానిక దాడి జరగ్గానే మాస్టర్, అంటే కెప్టెన్, ఓడ తీసుకుని బయటపడ్డాడు. తగువు 1990లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయింది. సిద్ధం అని నోటీసు ఇచ్చాక, ఈ రేవు మాకొద్దు అనే హక్కు పోయినట్టే అని తేల్చారు. ఇంగ్లిష్ కాంట్రాక్ట్ చట్టం పాఠాల్లో ఆ తీర్పుకి ఓడ పేరే పేరు. మాస్టర్లకి ఇప్పటికీ చెప్పేది అదే, రేవు మీద అనుమానముంటే నోటీసు ఇవ్వకముందే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టు అని.

రేవు_రాతలు:

చివరగా ఒకటి. ముంబైలో ఉన్న షిప్పింగ్ హౌస్ ఇప్పుడు కార్పొరేషన్‌ది కాదని ఎవరో సరిదిద్దారు. అది నిజమేనా?

పాత_లాగ్‌బుక్:

నిజమే. ప్రభుత్వ వాటా 63.75 శాతం అమ్మాలని 2019 నవంబర్‌లో సూత్రప్రాయంగా నిర్ణయించారు. ఓడలు కొనేవాడికి నారిమన్ పాయింట్‌లోని ఈ షిప్పింగ్ హౌస్ భవనం, పొవాయ్ శిక్షణ సంస్థ భూమి కూడా ఎందుకివ్వాలని వాటిని విడదీసి 2021లో ల్యాండ్ అండ్ అసెట్స్ పేరుతో వేరే కంపెనీ పెట్టారు. ఒక వాటా ఉన్నవాళ్ళకి కొత్త కంపెనీలో ఒక వాటా ఇచ్చారు. అది 2024 మార్చిలో స్టాక్ మార్కెట్లోకి వచ్చింది. మీ పట్టికలో ఆ రెండు ఆస్తుల ఎదురుగా యజమాని గడి మార్చండి. నడిపేవాళ్ళ గడి అలాగే ఉంచండి.